ఇంట్లో పెద్దవారికి వస్తువులు స్పష్టంగా కనిపించడానికి కాంట్రాస్ట్‌ను వాడుకోవడం ఎలా?

తెల్లటి పళ్లెంలో పెరుగన్నం, నల్ల గ్రానైట్ మెట్ల అంచులు, తెల్ల గోడకు బిగించిన తెల్ల స్విచ్చి, వెండి రంగు మాత్రల పట్టీ మీద అదే రంగులో అచ్చొత్తిన గడువు తేదీ: వీటిలో చీకట్లో దాగి ఉన్నది ఒక్కటీ లేదు. అయినా డెబ్భై ఏళ్లు దాటిన మనిషి వీటిలో ఏదో ఒకదాని కోసం రోజూ తడుముకోవలసి వస్తుంది. వస్తువుకూ దాని వెనక ఉన్నదానికీ మధ్య తేడా చాలకపోవడమే ఇందుకు కారణం. పక్కపక్కన ఉన్న రెండింటి మధ్య కంటికి తెలిసే ఈ తేడానే కాంట్రాస్ట్ అంటాం. ఇంట్లో ఎవరైనా మెట్టు తప్పితే పెద్ద బల్బు పెట్టిస్తాం, కళ్లద్దాల నంబరు మార్పిస్తాం, లేదా చూసి నడవమని చెబుతాం. అంచుకు ఒక రంగు గీత గీయాలన్న ఆలోచన మాత్రం చాలా ఇళ్లలో రాదు. చాలా సందర్భాల్లో ముందు చేయవలసిన పని అదేనని, ఖర్చు కూడా అందులోనే తక్కువని చెప్పడానికే ఈ మార్గదర్శి.

ముందుగా తెలుసుకోవలసింది: రంగు తేడా వేరు, వెలుగు తేడా వేరు

రెండు వస్తువుల రంగులు వేరైతే చాలు, అవి విడివిడిగా కనిపిస్తాయని సాధారణంగా అనుకుంటాం. నిజానికి అంచులను, మెట్లను, అక్షరాల ఆకారాలను పోల్చుకోవడానికి కన్ను ఎక్కువగా ఆధారపడేది రంగు మీద కాదు, ఒకటి ఎంత లేతగా ఉంది, రెండోది ఎంత ముదురుగా ఉంది అన్నదాని మీద. నీలం నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు రాస్తే రంగులు ఎంతో వేరుగా ఉన్నా వెలుగులో తేడా కొద్దిగానే ఉంటుంది కాబట్టి దూరం నుంచి అక్షరం అలుక్కుపోయినట్టు ఉంటుంది. మన వీధుల్లోని ఫ్లెక్సీ బోర్డుల్లో సగం ఇబ్బంది ఇక్కడే ఉంది.

ఈ తేడాను అంకెల్లో కొలిచే పద్ధతి ఒకటి ఉంది. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూత్రీసీ సంస్థ 2008లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం కాంట్రాస్ట్ నిష్పత్తి 1 నుంచి 21 వరకు ఉంటుంది. రెండూ ఒకే రంగైతే 1, తెలుపు మీద నలుపైతే 21. మామూలు పరిమాణంలో ఉన్న అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలని, మరింత స్పష్టత కావాలంటే మామూలు అక్షరాలకు 7 ఉండాలని అందులో చెప్పారు. తెర మీది స్వచ్ఛమైన రంగులను ఈ లెక్కలో పెడితే ఫలితాలు ఆశ్చర్యం కలిగిస్తాయి. తెలుపు మీద పసుపు 1.07 మాత్రమే, అంటే దాదాపు లేనట్టే. అదే పసుపు నలుపు మీద 19.6. తెలుపు మీద నీలం 8.6, తెలుపు మీద ఎరుపు 4, ఆకుపచ్చ మీద ఎరుపు 2.9, నీలం మీద ఎరుపు 2.15. గోడ రంగులకూ అద్దకపు రంగులకూ ఈ అంకెలు యథాతథంగా వర్తించవు గానీ వరుస మాత్రం చాలావరకు ఇలాగే ఉంటుంది. రైల్వే స్టేషన్ల పేర్లను పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలతో రాస్తారు. కదులుతున్న రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవారు కూడా ఊరి పేరు చదవగలగడంలో ఆ జంట పాత్ర పెద్దది.

పక్కనున్న రంగు వల్ల అసలు రంగే మారినట్టు కనిపించడం ఇంకో సంగతి. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో అద్దకం విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రోల్‌కు నల్ల నూలు వెలవెలబోతోందన్న ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించగా అద్దకంలో లోపం కనిపించలేదు. ఆ నలుపు పక్కన నేసిన రంగుల వల్లే అలా కనిపిస్తోందని తేల్చి, దాన్ని ఒక నియమంగా 1839లో ప్రచురించారు. బూడిద రంగు చీర ఎర్రంచు పక్కన కాస్త పచ్చదనం తిరిగినట్టు అనిపించడానికి కారణం ఇదే. అలాంటి చీర కొనేటప్పుడు అంచును మడిచి, ఒంటి రంగును ఒక్కదాన్నే మరోసారి చూసుకోవడం మంచిది. మన ఊళ్లలో అరుగులకు ఎర్రటి జాజు అలికి, దాని మీద తెల్ల ముగ్గు వేసే ఆనవాయితీలోనూ ఈ పొందిక కనిపిస్తుంది. ఆ ముగ్గునే బూడిద రంగు సిమెంటు గచ్చు మీద వేస్తే అంత నిండుగా ఉండదు.

వయసుతో కంట్లో వచ్చే మార్పు

వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు తిరిగి చిక్కబడుతుంది. అరవై ఏళ్ల మనిషిలో కంటి వెనక దృశ్యం పడే పొర అయిన రెటీనాకు చేరే వెలుగు, ఇరవై ఏళ్ల మనిషికి చేరేదానిలో సుమారు మూడో వంతేనని అంచనా. పైగా కటకంలో మసక చేరినప్పుడు లోపలికి వచ్చిన వెలుగు చెదిరి దృశ్యమంతటా పలుచగా పరుచుకుంటుంది. దానితో నలుపు బూడిదగా, తెలుపు మురికిగా మారి రెండింటి మధ్య దూరం తగ్గిపోతుంది. పసుపు తిరిగిన కటకం నీలం వెలుగును ఎక్కువగా ఆపేస్తుంది కాబట్టి ముదురు నీలానికీ నలుపుకూ, నీలానికీ ఆకుపచ్చకూ తేడా పోల్చుకోవడం కష్టమవుతుంది. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే వ్యాధి), మధుమేహం వల్ల వచ్చే రెటీనా వ్యాధి ఉన్నవారిలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ.

కళ్లద్దాల దుకాణంలో చదివించే బోర్డు ఈ లోపాన్ని పట్టలేదు. 1862లో హెర్మన్ స్నెలెన్ రూపొందించిన ఆ పద్ధతిలో అక్షరాలు క్రమంగా చిన్నవవుతాయి గానీ ఎప్పుడూ తెలుపు మీద నలుపుగానే ఉంటాయి. 1988లో డెనిస్ పెల్లి, జాన్ రాబ్సన్ తయారుచేసిన చార్టులో దీనికి విరుద్ధంగా అక్షరాలన్నీ ఒకే పరిమాణంలో ఉండి, మూడేసి చొప్పున క్రమంగా వెలిసిపోతాయి. మొదటి బోర్డు మొత్తం చదివేసిన మనిషి రెండో చార్టులో సగం దగ్గరే ఆగిపోవచ్చు. కాబట్టి “మొన్ననే కళ్లు పరీక్ష చేయించాం, అంతా బాగానే ఉందన్నారు, అయినా నాన్నగారు గడప తన్నుకుంటున్నారు” అనే మాటలో వైరుధ్యం ఏమీ లేదు.

మొదటి అడుగు: ఇంటిని నలుపు తెలుపులో చూడండి

ఏ వస్తువూ కొనకముందు చేయవలసిన పని ఇది. ఇంట్లో పెద్దవారు రోజూ నడిచే దారి వెంట, మంచం నుంచి స్నానాల గదికి, అక్కడి నుంచి వంటింటికి, వీధి గుమ్మానికి, వారి కళ్ల ఎత్తులో ఫోను పట్టుకుని ఫొటోలు తీయండి. తర్వాత గ్యాలరీలో ఎడిట్ నొక్కి, నలుపు తెలుపు ఫిల్టరును ఎంచుకోండి. రంగులు పోగానే వెలుగు తేడా ఒక్కటే మిగులుతుంది. ఫొటోలో మెట్టు అంచు మాయమైతే, స్విచ్చి గోడలో కలిసిపోతే, స్టీలు గ్లాసు గట్టు మీద కనిపించకపోతే, పెద్దవారి కంటికి కూడా అవి దాదాపు అలాగే ఉంటాయని భావించవచ్చు.

ఫొటోలను పగలు ఒకసారి, రాత్రి దీపాలు వేశాక ఒకసారి తీయడం తప్పనిసరి. పగటి వెలుగులో చక్కగా కనిపించిన గడప రాత్రి తలుపు నీడలో పూర్తిగా కలిసిపోవచ్చు. ఫోను కెమెరా చీకటి దృశ్యాన్ని తనంతట తానే వెలిగించి చూపిస్తుంది కాబట్టి రాత్రి ఫొటోను ఎక్కువగా నమ్మకుండా, అక్కడే నిలబడి కళ్లు సగం మూసి కూడా చూడండి. కళ్లు చికిలించినప్పుడు చిన్న వివరాలు పోయి పెద్ద లేత, ముదురు ముద్దలు మాత్రమే మిగులుతాయి. చిత్రకారులు బొమ్మను సరిచూసుకోవడానికి వాడే పద్ధతి కూడా ఇదే.

పరీక్షించేది మీరే అయినా నిర్ణయం పెద్దవారిదిగా ఉండాలి. ఎక్కడ తడబడుతున్నారో వారినే అడగండి. కొందరు పడిపోయిన సంగతి కూడా పిల్లలకు చెప్పరు. అడిగే తీరులో తప్పు పట్టే ధోరణి లేకపోతే చాలా విషయాలు బయటపడతాయి.

రెండో అడుగు: మెట్లు, గడపలు

అన్నిటికన్నా ముందు సరిచేయవలసినవి ఇవే. మెట్లు ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు ప్రమాదం ఎక్కువ. దిగేవారికి పైనుంచి మెట్టు తలం ఒక్కటే కనిపిస్తుంది, నిలువు భాగం కనిపించదు. అన్ని మెట్లూ ఒకే గ్రానైటుతో చేసినప్పుడు పైనుంచి చూస్తే అవన్నీ కలిసి ఒకే పలకలా ఉంటాయి. అందుకే ప్రతి మెట్టు అంచు వెంట, సరిగ్గా అంచు మీదే, సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పున మెట్ల రంగుకు విరుద్ధమైన గీత ఉండాలి. నల్ల గ్రానైటైతే పసుపు లేదా తెలుపు, లేత పాలరాయి అయితే ముదురు గోధుమ లేదా నలుపు. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే జారకుండా పట్టు ఇచ్చే గరుకు టేపు అంచును చూపించే పనినీ, కాలు జారకుండా ఆపే పనినీ ఒకేసారి చేస్తుంది. అంటించే ముందు మెట్టును సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. టేపు మూల ఎక్కడైనా లేచిందంటే అదే కాలికి తగులుతుంది కాబట్టి లేచిన ముక్కను వెంటనే మార్చాలి.

గీత అంచుకు నాలుగు అంగుళాలు వెనక్కి ఉంటే అసలు గీత లేకపోవడం కన్నా ప్రమాదం. కంటికి ఆ గీతే అంచు అనిపిస్తుంది, కాలు ఆ లెక్క ప్రకారం కదులుతుంది. మొదటి మెట్టును, చివరి మెట్టును ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. చాలామంది తూలేది మెట్లు అయిపోయాయనుకుని ఇంకా ఒకటి మిగిలి ఉన్నప్పుడే. చేతి కమ్మీకి గోడతో తేడా ఉన్న రంగు వేయించాలి. బ్రిటన్ భవన మార్గదర్శకాల్లో గోడ, తలుపు, నేల వంటి పక్కపక్క తలాల మధ్య వెలుగును తిప్పి పంపే విలువలో 30 పాయింట్ల తేడా ఉండాలని చెబుతారు. ఎల్ఆర్‌వీ అనే ఆ విలువను కొన్ని రంగుల కంపెనీలు ప్రతి షేడుకూ ఇస్తాయి. రంగులు వేయించే సమయంలో ఆ అంకె అడిగి తెలుసుకుంటే ఊహ మీద ఆధారపడే అవసరం ఉండదు.

గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టే సంప్రదాయాన్ని మనం శుభం కోసం పాటిస్తున్నాం. ముదురు టేకు గడప మీద, ముదురు నేల పక్కన ఆ పసుపు ఎంతో స్పష్టంగా కనిపిస్తుందన్నది కూడా నిజమే. నేల లేత రంగు టైల్స్ అయినప్పుడు మాత్రం లేత పసుపు రంగు అంతగా పనిచేయదు. అక్కడ గడపను ముదురు ఎరుపుగానో గోధుమగానో ఉంచి, దాని మీద పసుపు, తెలుపు వేయడం మేలు.

మూడో అడుగు: ఉండకూడని చోట ఉన్న కాంట్రాస్ట్‌ను తీసేయండి

కాంట్రాస్ట్ పెంచడం ఒక్కటే లక్ష్యం అనుకుంటే పొరపాటు. ముదురు, లేత రంగులు ఎదురెదురుగా వచ్చిన చోట అక్కడ ఎత్తుపల్లం ఉందని కన్ను భావిస్తుంది. సమతలంగా ఉన్న నేల మీద నలుపు తెలుపు గళ్ల టైల్స్ వేస్తే మెట్టు లేని చోట మెట్టు కనిపిస్తుంది. లేత టైల్స్ మధ్య పరిచిన నల్లటి పట్టా మతిమరుపు వ్యాధి ఉన్నవారికి గుంటలా అనిపించి, దాన్ని తప్పించుకోబోయి పడిపోయే అవకాశం ఉంది. నేల అంతా ఒకే లేత రంగులో, పెద్ద డిజైన్లు లేకుండా ఉండి, తేడా మాత్రం మెట్టు, గడప, గోడ మొదలయ్యే చోట ఉండడం సరైన పద్ధతి. కిటికీ చువ్వల నీడలు సాయంత్రం నేల మీద చారలుగా పడుతుంటే ఒక పలుచటి తెర సరిపోతుంది. కాలికి తగిలే చిన్న పట్టాలను ఇంట్లోంచి పూర్తిగా తీసేయాలన్నదే నా అభిప్రాయం. అవి కనిపించినా ప్రమాదమే, కనిపించకపోయినా ప్రమాదమే.

నాలుగో అడుగు: స్నానాల గది

తెల్ల టైల్స్, తెల్ల కమోడ్, తెల్ల బకెట్, తెల్ల మగ్గు ఉన్న గది శుభ్రంగా కనిపిస్తుంది, కానీ అందులో ఏదీ విడిగా కనిపించదు. కమోడ్ సీటును ముదురు రంగుదిగా మారిస్తే కూర్చునే చోటు అంచనాకు వస్తుంది. బకెట్‌లో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో తెలియడం కష్టం కాబట్టి లేత బకెట్‌లో ఎర్ర మగ్గు తేలనిస్తే నీటి మట్టం అందుతుంది. గోడకు బిగించే పట్టు కమ్మీ తళతళలాడే స్టీలుదైతే తెల్ల గోడ మీద కనిపించదు. దానికి ముదురు రంగు టేపు చుట్టండి. స్విచ్చి బోర్డు చుట్టూ కూడా ఒక ముదురు చట్రం అంటించండి. గీజరు వేడి కుళాయికి ఎరుపు, చన్నీళ్లకు నీలం గుర్తులు ఉంటాయి గానీ ఆ చుక్కలు చాలా చిన్నవి. ఎర్ర టేపును వేడి కుళాయికి చుడితే సరిపోతుంది, రెండోదానికి ఏమీ చుట్టకపోవడమే మంచి గుర్తు.

ఐదో అడుగు: భోజనం, వంట

అరిటాకు మీద అన్నం ఎంత తేటగా కనిపిస్తుందో గమనించండి. ఆకు ముదురు పచ్చ, అన్నం తెలుపు, పక్కన ఎర్రటి ఆవకాయ. తెల్ల పింగాణీ పళ్లెంలో అన్నం, మజ్జిగ వడ్డిస్తే ఆ తేడా మొత్తం పోతుంది. స్టీలు కంచంలో పైనున్న దీపం ప్రతిబింబించి మెరుస్తుంది. బోస్టన్ పరిశోధకులు 2004లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, ముదిరిన అల్జీమర్స్ వ్యాధి ఉన్నవారికి తెల్ల పాత్రలకు బదులు ముదురైన ఎర్ర పాత్రల్లో వడ్డిస్తే ఆహారం 25 శాతం, పానీయాలు 84 శాతం ఎక్కువగా తీసుకున్నారని తేలింది. అందులో పాల్గొన్నవారు తొమ్మిది మందే కాబట్టి ఆ అంకెలను అందరికీ వర్తింపజేయలేం. అయినా తిండి సరిగ్గా తినడం లేదని బెంగపడే ముందు పళ్లెం మార్చి చూడడంలో నష్టమేమీ లేదు. అన్నం, పెరుగు కోసం ముదురు నీలం లేదా ముదురు ఎరుపు పళ్లెం, పప్పు, సాంబారు కోసం తెల్ల గిన్నె వాడండి. పాలకు ముదురు గ్లాసు, కాఫీకి తెల్ల కప్పు అనుకూలం.

కూరగాయలు తరిగేవారికి రెండు చెక్కలుంటే మేలు. ఉల్లిపాయ, ముల్లంగి, కొబ్బరి ముదురు చెక్క మీద, వంకాయ, బీట్‌రూట్ తెల్ల పలక మీద తరిగితే కత్తి ఎక్కడుందో, వేలు ఎక్కడుందో తెలుస్తుంది. ఉప్పు, పంచదార ఒకే రకం డబ్బాల్లో పెట్టకూడదు. మూతల రంగుల్లో ఒకటి బాగా లేతగా, ఒకటి బాగా ముదురుగా ఉండాలి. ఎర్ర మూత, పచ్చ మూత అనే జంట ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా తెలియనివారికి పనికిరాదు. ఆ లోపం పుట్టుకతోనే వస్తుంది, మగవారిలో ఎక్కువ.

ఆరో అడుగు: మందులు

తెల్ల మాత్ర తెల్ల దుప్పటి మీద పడితే దొరకదు. మాత్రలు తీసుకునే చోట ఒక ముదురు రంగు పళ్లెం ఉంచి, పట్టీలోంచి మాత్రను దాని మీదకే నొక్కే అలవాటు చేయించండి. గడువు తేదీని మందు తెచ్చిన రోజే మీరు చదివి, తెల్ల కాగితపు ముక్క మీద నల్ల మార్కరుతో పెద్దగా రాసి పట్టీకి అంటించండి. దానితోపాటు మందు పేరు, ఉదయమో రాత్రో కూడా రాయాలి. పట్టీని కత్తిరించేటప్పుడు తేదీ ఉన్న ముక్కను పారేయకండి. ఇన్సులిన్ సిరంజిలోని గీతలు చూడడానికి వెనక ఒక రంగు కాగితం పట్టుకుంటే కొంత సులువవుతుంది. అయినా గీత స్పష్టంగా కనిపించని వారు సొంతంగా మోతాదు తీసుకోకూడదు.

ఏడో అడుగు: వెలుగు

బల్బు పెంచితే అన్నీ బాగుపడవు. కంట్లో నేరుగా పడే ఎల్ఈడీ వెలుగు కటకంలో చెదిరి ఉన్న కాంట్రాస్ట్‌ను కూడా పోగొడుతుంది. దీపం తల వెనక నుంచి లేదా పక్క నుంచి పని మీద పడాలి, బల్బు మాత్రం కంటికి కనిపించకూడదు. కిటికీకి ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెడితే ఎదుటివారి ముఖం కూడా నల్లగా కనిపిస్తుంది. మంచం నుంచి స్నానాల గది వరకు రాత్రంతా తక్కువ ఎత్తులో చిన్న దీపాలు ఉండడం ఎంతో అవసరం.

ఎనిమిదో అడుగు: అక్షరాలు

తెలుగు అక్షరాల విషయంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. డ, ఢల మధ్య, ద, ధల మధ్య తేడా ఒక్క చిన్న గీతే. ‘ప’కూ ‘వ’కూ తలకట్టు దగ్గరే భేదం. ఒత్తులు, గుణింతపు గుర్తులు మూల అక్షరం కన్నా సన్నగా, చిన్నగా ఉంటాయి. వెలిసిన బూడిద రంగులో అచ్చువేస్తే ముందుగా మాయమయ్యేవి అవే. అందుకే తెలుగుకు 4.5 నిష్పత్తితో సరిపెట్టకుండా 7 కన్నా తగ్గనివ్వకూడదని నేను గట్టిగా చెబుతాను. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కాంట్రాస్ట్ పరీక్షా పేజీల్లో రెండు రంగుల కోడ్‌లు ఇస్తే నిష్పత్తి వెంటనే వస్తుంది.

శుభలేఖలు వేయించేవారు ఈ విషయం ఆలోచించాలి. మీగడ రంగు కాగితం మీద బంగారు అక్షరాలు అందంగా ఉంటాయి గానీ మేనత్తలు, పెదనాన్నలు ముహూర్తం వేళ తెలుసుకోవడానికి కార్డును దీపం కింద అటూ ఇటూ తిప్పవలసి వస్తుంది. వధూవరుల పేర్లను బంగారు రంగులో ఉంచి, తేదీ, సమయం, కల్యాణ మండపం చిరునామా, ఫోను నంబర్లను మాత్రం ముదురు కుంకుమ రంగులో అచ్చువేయించండి. అందం చెడదు, ఫోన్లు చేసి అడిగే అవసరమూ రాదు.

పెద్దవారి ఫోనులో సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ విభాగం తెరిచి, ఆండ్రాయిడ్‌లో హై కాంట్రాస్ట్ టెక్స్ట్‌ను (కొత్త వెర్షన్లలో దీని పేరు ఔట్‌లైన్ టెక్స్ట్), ఐఫోన్‌లో ఇంక్రీజ్ కాంట్రాస్ట్‌ను ఆన్ చేయండి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొందరికి ఎంతో హాయిగా ఉంటాయి, మరికొందరికి అక్షరాల చుట్టూ వెలుగు వ్యాపించి మసకబారుతుంది. రెండూ చూపించి వారినే ఎంచుకోనివ్వండి. వాట్సాప్ చాట్‌ల వెనక పువ్వుల బొమ్మలు తీసేసి సాదా రంగు పెట్టడం కూడా మరచిపోకండి.

డాక్టరుకు చూపించవలసిన సందర్భాలు

ఈ మార్పులు కంటి వైద్యానికి ప్రత్యామ్నాయం కావు. రంగులు వెలిసినట్టున్నాయని, రాత్రి ఎదురుగా వచ్చే వాహనాల దీపాలు భరించలేకపోతున్నానని, ఎంత వెలుగున్నా మసకగా ఉందని పెద్దవారు చెబితే శుక్లమో మరో వ్యాధో ఉందేమో పరీక్ష చేయించాలి. ఒక్కసారిగా చూపు తగ్గినా, కంటి ముందు తెర దించినట్టున్నా అదే రోజు వెళ్లాలి. పరీక్షకు వెళ్లినప్పుడు అక్షరాల బోర్డుతో ఆగకుండా కాంట్రాస్ట్ పరీక్ష కూడా చేయమని అడగండి. శస్త్రచికిత్సతో, కళ్లద్దాలతో సరిచేయలేనంతగా చూపు తగ్గినవారి కోసం పెద్ద కంటి ఆసుపత్రుల్లో లో విజన్ విభాగాలు ఉన్నాయి. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనూ అలాంటి విభాగం ఉంది. అక్కడికి వెళ్లేటప్పుడు మొదటి అడుగులో తీసిన మీ ఇంటి ఫొటోలను వెంట తీసుకువెళ్తే, ఏ మెట్టు దగ్గర, ఏ గది దగ్గర ఇబ్బంది ఉందో వారికి వివరించడం తేలికవుతుంది.